పరగడుపు అంకె చాటున

మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర టీకొట్టులోనైనా, షామీర్‌పేట బస్టాపులోనైనా షుగర్ మాట కదిపితే వినపడే జవాబు ఒకటే. ‘‘నాది కంట్రోల్లనే ఉంది.’’ ఎట్లా తెలుసని అడిగితే జేబులోంచి మడత పెట్టిన కాగితం బయటికొస్తుంది. పరగడుపున 118. తేదీ చూస్తే రెండు నెలల కిందటిది. అన్నం తిన్నాక ఎంత ఉంటుందో, మూడు నెలల సగటు ఎంతో ఆ కాగితంలో లేదు. అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లూ లేరు. ఈ ఒక్క అంకె మీద పెద్ద నమ్మకమే కట్టుకుని కూర్చున్నాం. గోలీ వేసుకుంటే చాలు, నెలకో రెణ్నెల్లకో పరగడుపు రక్తం చూపించుకుంటే చాలు, తక్కినది డాక్టర్ చూసుకుంటాడు, ఇంట్లో వేలు పొడుచుకుని లెక్కలు రాసుకోవడం చాదస్తం అని. చదువు లేనివాళ్లే ఇలా అనుకుంటారనుకుంటే పొరపాటు. కొంపల్లి అపార్టుమెంట్లలో ఇంజనీర్లూ ఇదే అంటారు, డాక్టర్లలోనూ కొందరు ఇదే అంటారు. ఈ నమ్మకం తప్పు. కళ్లకీ కిడ్నీలకీ కాళ్లకీ చేటు తెచ్చే తప్పు.

పరగడుపు అంకె అబద్ధం చెప్పదు. కానీ అది చెప్పేది తక్కువ. రాత్రి ఎనిమిది పది గంటలు కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కాలేయం రక్తంలోకి ఎంత చక్కెర వదిలిందో, ఇన్సులిన్ దాన్ని ఏ మేరకు అడ్డుకుందో చెబుతుంది. మిగతా రోజు సంగతి దానికి తెలియదు. మనం మూడు పూటలు తినేదీ, నాలుగుసార్లు టీ తాగేదీ ఆ మిగతా రోజులోనే. 2003లో ఫ్రాన్స్‌లో లూయీ మోనియే బృందం టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు రోజులో చక్కెర ఎప్పుడెప్పుడు ఎంత పెరుగుతుందో లెక్కగట్టింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.3 కంటే తక్కువ ఉన్నవాళ్లలో, అదనపు చక్కెరలో దాదాపు 70 శాతం తిన్న తర్వాత పెరిగినదే. ఆ సగటు పది దాటిపోయినవాళ్లలో లెక్క తిరగబడింది, అక్కడ పరగడుపు చక్కెరదే పెద్ద వాటా. అంటే జబ్బు కొత్తగా బయటపడి, ‘కొంచెమే ఉందట’ అని పరగడుపు అంకె చూసి మురిసిపోయేవాళ్లు ఎవరో, సరిగ్గా వాళ్ల దగ్గరే ఆ అంకె అసలు సంగతి దాచిపెడుతుంది. అందులోనూ మనది అన్నం కంచం. పరగడుపున 118 ఉన్న మనిషికి మధ్యాహ్న భోజనం చేసిన రెండు గంటలకు 240 ఉండడం ఏమాత్రం వింత కాదు. ఆగస్టులో షామీర్‌పేట చెరువు అలుగు దుంకడం చూసి మే నెల దాకా నీళ్లకు ఢోకా లేదనేవాణ్ని చూసి నవ్వుతాం. షుగర్ దగ్గర మనం చేసేది ఆ పనే.

పైగా ఆ ఒక్క అంకెనైనా ఉన్నదున్నట్టు రానిస్తామా? ‘‘రేపు పొద్దుగాల రక్తం ఇయ్యాలె’’ అని గుర్తొచ్చిన రాత్రి అన్నం పక్కన పెట్టి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటారు. మూడు రోజుల ముందు నుంచి వాకింగ్ మొదలవుతుంది. ఎప్పుడో మానేసిన గోలీ మళ్లీ పైకొస్తుంది. రక్తం ఇచ్చి వచ్చే దారిలోనే బిర్యానీ. డాక్టర్‌ను మాయ చేశామన్న తృప్తి తప్ప ఇందులో ఒరిగేదేమీ లేదు. ఆయన ఆ మాయ అంకెను నమ్మి, పెంచాల్సిన మందు పెంచకుండా వదిలేస్తాడు. తిన్న తర్వాత చేసే పరీక్షదీ ఇదే కథ. ‘టిఫిన్ చేసి రెండు గంటలకు రండి’ అంటారు ల్యాబువాళ్లు. రోజూ నాలుగు పూరీలో, గిన్నె నిండా ఉప్మానో తినే మనిషి ఆ రోజు ల్యాబు పక్క హోటల్లో రెండిడ్లీలు, అదీ చట్నీ ముట్టకుండా, తిని కూర్చుంటాడు. గోలీ ఇంట్లో మరిచిపోయి వస్తాడు. రెండు గంటలు మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టాలని ఆయనకెవరూ చెప్పలేదు, చేయి కడుక్కున్నప్పటి నుంచి లెక్కపెడతాడు. ఇట్లా వచ్చిన అంకె ఆయన రోజూ తినే తిండిది కాదు, రోజూ వేసుకునే మందుదీ కాదు. దాన్ని ఫైలులో పెట్టుకుని ఏం లాభం?

ఈ దాగుడుమూతలకు లొంగనిది హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణం దాదాపు నాలుగు నెలలు బతుకుతుంది. ఆ కాలమంతా దానిలోని హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకుంటూనే ఉంటుంది. ఎంత అంటిందో కొలిస్తే రెండు మూడు నెలల సగటు బయటపడుతుంది. ముందు రాత్రి తిన్న పుల్కాలు దాన్ని మార్చలేవు. 7 వస్తే సగటు చక్కెర 154 దగ్గర ఉన్నట్టు, 8 అయితే 183, 9 అయితే 212. చాలామంది పెద్దవాళ్లకు 7 లోపు ఉంచాలన్నది గురి. వయసు మళ్లినవాళ్లకు, లో షుగర్ తరచూ వచ్చేవాళ్లకు ఇంకాస్త వదులు ఇస్తారు. ఏడాదికి రెండుసార్లయినా ఈ పరీక్ష చేయించకుండా ‘కంట్రోల్’ అనే మాట వాడే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

అలాగని ఇదీ శిలాశాసనం కాదు. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉంటే ఈ సగటు ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తం పోయినా, ఎక్కించినా తక్కువ చూపించవచ్చు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. పక్కన వేలి రక్తం లెక్కలుంటేనే ఆ సగటును ఎంతవరకు నమ్మాలో డాక్టర్‌కు తెలుస్తుంది. ఇంకొకటి, సగటుకు ఎత్తుపల్లాలు తెలియవు. ఒక పూట 60, ఇంకో పూట 250 ఉండే మనిషికీ, ఎప్పుడూ 155 దగ్గరే ఉండే మనిషికీ హెచ్‌బీఏ1సీ ఒకటే రావచ్చు. మొదటివాడు రాజీవ్ రహదారి మీద బండి నడుపుతూ కళ్లు తిరిగి పడిపోయే మనిషి.

‘‘ఇంట్ల మిషన్ తప్పు చూపిస్తది’’ అనేది తర్వాతి మాట. ల్యాబులో 172 వచ్చింది, అదే పూట ఇంట్లో 190 చూపించింది, కాబట్టి మిషన్ దండగ, బీరువాలో పడేశాం. గ్లూకోమీటర్లకు 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 15197. చక్కెర 100 గానీ ఆపైన గానీ ఉన్నప్పుడు, మిషన్ చూపించే అంకెల్లో నూటికి తొంభై అయిదు ల్యాబు అంకెకు 15 శాతం అటూ ఇటూలో ఉంటే ఆ మిషన్ మంచిదే. 172లో 15 శాతమంటే దాదాపు 26. 190 ఆ హద్దు దాటలేదు. పైగా తిన్న తర్వాత వేలి కొస రక్తంలో చక్కెర చేతి నరం రక్తంలోకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది, అది ఒంటి తీరు. అసలు 172 అయినా 190 అయినా తీసుకోవలసిన నిర్ణయం మారుతుందా?

మరి ల్యాబు తప్పు చేయదా? తూంకుంటలో ఇంటికొచ్చి తీసుకున్న రక్తం బండి మీద అల్వాల్ దాటి సికింద్రాబాద్ చేరేసరికి రెండు గంటలు పట్టిందనుకోండి. బూడిద రంగు మూత ఉండే ఫ్లోరైడ్ గొట్టంలో పోయకపోతే, గొట్టంలోని రక్తకణాలే ఆ చక్కెరను వాడేసుకుంటూ ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. ఆ తగ్గుదలనూ మనం ‘కంట్రోల్’ ఖాతాలోనే రాసుకుంటాం. మిషన్‌ను నిజంగా తప్పుదారి పట్టించేవి వేరే ఉన్నాయి. సీతాఫలం తిని చేయి కడుక్కోకుండా పొడుచుకోవడం, స్పిరిట్ ఆరకముందే చుక్క తీయడం, గడువు దాటిన స్ట్రిప్పులు, మూత తెరిచి వదిలేసిన డబ్బా, మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరగడం. సబ్బు, నీళ్లు, కాస్త శ్రద్ధ ఉంటే ఇవన్నీ పోయేవే.

ఇక చదువుకున్నవాళ్ల వాదం. ఇది గట్టిది, తేలిగ్గా తోసెయ్యకూడదు. ఇన్సులిన్ వాడనివాళ్లు రోజూ వేలు పొడుచుకున్నా లాభం లేదని పరిశోధనలే తేల్చాయి కదా అంటారు. నిజమే. 2017లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో ఇన్సులిన్ వాడని 450 మందిని మూడు జట్లుగా చేసి చూశారు. రోజుకోసారి చూసుకున్నవాళ్లకూ, అసలు చూసుకోనివాళ్లకూ ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పదేళ్ల ముందు బ్రిటన్‌లో జరిగిన పరిశోధన ఫలితమూ దాదాపు ఇంతే. అయితే ఈ కాగితాలు పట్టుకుని ‘చూశారా, మిషన్ దండగ’ అనేవాళ్లు ఇంకో పరిశోధన పేరెత్తరు. 2011లో అదే అమెరికాలో విలియం పొలోన్‌స్కీ బృందం 483 మందితో చేసినది. అందులో ఒక జట్టు డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వరుసగా మూడు రోజులు, రోజుకు ఏడుసార్లు, తినక ముందు, తిన్నాక, పడుకోబోయే ముందు చూసుకుని, ఒక కాగితం మీద గీత గీసుకుని తీసుకెళ్లాలి. ఆ గీత చూసి ఏం మార్చాలో డాక్టర్లకూ నేర్పారు. ఏడాది తిరిగేసరికి వాళ్ల హెచ్‌బీఏ1సీ 1.2 తగ్గింది, మిగతా జట్టుకు 0.9 తగ్గింది. పెద్ద తేడా అని నేను అనను. కానీ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. రోజూ ఒకసారి చూసి, అయ్యో అనుకుని, ఏమీ మార్చకుండా వదిలేసిన అంకె ఏమీ చేయదు. వేళ చూసుకుని కొలిచి, రాసి, డాక్టర్ ముందు పెట్టి, దాన్నిబట్టి తిండో మందో మార్చితే ఆ అంకె పని చేస్తుంది. మొదటి రకం దండగేనని నేనూ అంటాను. కొంపల్లి విల్లాల్లో జబ్బకు సెన్సర్ అంటించుకుని, పద్నాలుగు రోజులకు వేలు పోసి, మీటింగుకూ మీటింగుకూ మధ్య ఫోన్‌లో గీత చూసుకుంటూ బెంగపడేవాళ్లున్నారు. ఆ గీతను డాక్టర్‌కు ఒక్కసారీ చూపించరు. అది ఖరీదైన దండగ.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు రోజూ చూసుకోవలసిందే, అందులో వాదం లేదు. గోలీల మీద ఉన్నవాళ్లకు ఏడాది పొడవునా అక్కర్లేదు. మందు మారినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఒక మూడు రోజులు చాలు. అన్నిటికంటే ఎక్కువ నేర్పేది జంట పరీక్ష. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకు ఇంకోసారి. ఆ రెంటి మధ్య తేడా మీ కంచం చేసిన పని. షుగర్ తిండి మీద మనకున్నన్ని సొంత సిద్ధాంతాలు మరి దేని మీదా లేవు. జొన్నరొట్టె తింటే షుగర్ రాదు, రాగిజావ ఎంతైనా తాగొచ్చు, చక్కెర చెడ్డది గానీ బెల్లం మంచిది, గంజి వార్చిన అన్నంతో భయం లేదు, కొర్రలైతే ఏకంగా మందే. వాట్సాప్‌లో వచ్చింది, పక్కింటావిడ చెప్పింది, యూట్యూబులో విన్నది కలిపి ఎవరి శాస్త్రం వాళ్లు రాసుకున్నారు. వీటి మీద నోటితో వాదించి ఎవర్నీ గెలవలేం. రెండు స్ట్రిప్పులతో గెలవచ్చు. పెద్ద గ్లాసు నిండా రాగిజావ తాగి చూసుకోండి. మెత్తటి పిండిని పలచగా కాచిన జావ ఎంత తొందరగా రక్తంలోకి దిగుతుందో మిషనే చెబుతుంది. ఇంకో రోజు అదే రాగులు చిన్న సంకటి ముద్దగా, పాలకూర పప్పుతో తిని చూడండి. రెండు జొన్నరొట్టెలకు ఒకసారి, నాలుగింటికి ఒకసారి. బెల్లం టీకి ఒకసారి. ఒకరికి పెరిగినంత ఇంకొకరికి పెరగకపోవచ్చు, అందుకే పక్కవాడి అనుభవం మీకు పనికిరాదు. అన్నం మొత్తం మానెయ్యమనే డాక్టర్ మాట వారం కంటే ఎక్కువ ఎవరూ వినరు. కూర, పప్పు ముందు తిని అన్నం చిన్న గిన్నెడు పెట్టుకున్న రోజు ఎంత, కంచం నిండా పెట్టుకున్న రోజు ఎంత అని తన వేలి రక్తమే చెప్పిన మాటను మాత్రం మనిషి అంత తేలిగ్గా మరిచిపోడు.

ఇంతకంటే ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిది, లో షుగర్. మేడ్చల్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో షిఫ్టుల మీద బతికేవాళ్లు బోలెడుమంది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మందుచీటీలో మాత్రం ‘ఉదయం టిఫిన్‌కు ముందు’ అనే ఉంటుంది. రాత్రంతా పనిచేసి ఏడింటికి ఇల్లు చేరి, గ్లిమెపిరైడ్ కలిసిన గోలీ వేసుకుని, టిఫిన్ మానేసి పడుకునే మనిషికి ఏది ఉదయం? కడుపులో తిండి ఉందా లేదా అని గ్లిమెపిరైడ్ చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. నిద్రలో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, లేచి ‘‘పాణం మంచిగ లేదు’’ అని మళ్లీ పడుకుంటాడు. 70 కంటే తగ్గితే లో షుగర్. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి, తగ్గే ఉంటే మళ్లీ తాగాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో మిషన్ లేకపోతే అది లో షుగరో, బీపీయో, గ్యాసో తేల్చేదెవరు? శివరాత్రికి ఉపవాసంతో కీసరగుట్ట ఎక్కి, జాగారం చేసి, గోలీ మాత్రం తప్పకుండా వేసుకునే పెద్దవాళ్లదీ ఇదే ప్రమాదం, రంజాన్‌లో రోజా ఉండేవాళ్లదీ ఇదే. ఉపవాసం అందరికీ తగదు. తగినవాళ్లయినా ముందే డాక్టర్‌తో మాట్లాడి మందు వేళ, మోతాదు మార్చుకుని, మధ్యమధ్య చూసుకుంటూ ఉండాలి. షిఫ్టు సంగతి, ఉపవాసం సంగతి డాక్టర్‌కు కలలోకి రావు. మనం చెప్పాలి.

‘డాక్టర్ చూసుకుంటాడు’ అనే మాటలో భక్తి ఉంది, లెక్క లేదు. 67 దేశాల్లో డాక్టర్ ఒక్కో పేషెంట్‌తో ఎంతసేపు గడుపుతున్నాడో పోల్చిన సమీక్ష ఒకటి 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. ప్రాథమిక వైద్యంలో మన దేశపు సగటు 2.3 నిమిషాలు. ఏడాదికి నాలుగుసార్లు వెళ్లినా పది నిమిషాలు కావు. మిగతా ఏడాదంతా జబ్బు మన ఇంట్లో, మన కంచంలో, మన నిద్రలో ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో ఆయన ‘ఎట్లున్నరు?’ అంటాడు, మనం ‘మంచిగనే ఉన్న సార్’ అంటాం, పాత మందే మళ్లీ రాస్తాడు. వేళలతో సహా పదిహేను అంకెలు రాసిన కాగితం బల్ల మీద పెట్టి చూడండి. రాత్రి భోజనం తర్వాతే పెరుగుతోందని ఆయన కన్ను చప్పున పట్టుకుంటుంది. రెండు నిమిషాలూ ఆ పూట మీదనే నడుస్తాయి.

కొందరు డాక్టర్లకు ఇది నచ్చదు. లెక్కలు రాసుకొచ్చిన పేషెంట్‌ను ‘గూగుల్ డాక్టర్ వచ్చాడు’ అని వెటకారం చేసేవాళ్లున్నారు. హెచ్‌బీఏ1సీ 9 వచ్చినా ‘తిండి తగ్గించండి, వచ్చేసారి చూద్దాం’ అని ఏడాది గడిపేసేవాళ్లున్నారు. వాళ్ల అలసత్వానికి మన మౌనం తోడవుతోంది. అసలు డాక్టర్ దగ్గరికే వెళ్లనివాళ్లను ఏమనాలి? మూడేళ్ల కిందటి చీటీ మెడికల్ షాపులో చూపించి అవే గోలీలు తెచ్చుకుంటారు. మెట్‌ఫార్మిన్ డాక్టర్ పర్యవేక్షణలోనే వాడవలసిన మందని షాపువాడికి తెలుసు. ఈ మూడేళ్లలో కిడ్నీ ఎట్లుందో మాత్రం ఎవరికీ తెలియదు. కిడ్నీ పని ఒక స్థాయికి మించి తగ్గితే ఆ మెట్‌ఫార్మిన్‌నే తగ్గించాలి, ఇంకా తగ్గితే ఆపేయాలి.

‘అందరూ ఇట్లనే ఉంటున్నారు, ఏం గాలేదు’ అనేవాళ్లకు కొన్ని లెక్కలు. 2000 సంవత్సరంలో ఆరు పెద్ద నగరాల్లో జరిగిన జాతీయ సర్వేలో షుగర్ అన్నిటికంటే ఎక్కువగా తేలింది మన హైదరాబాద్‌లోనే, 16.6 శాతం. పల్లెలకు రాదనుకునే రోజులూ ఎప్పుడో పోయాయి. గోదావరి జిల్లాల పల్లెల్లో ముప్ఫై దాటినవాళ్లను పరీక్షిస్తే దాదాపు 13 శాతం మందికి షుగర్ ఉందని, వాళ్లలో సగం మందికి ఆ సంగతే తెలియదని 2006లో ప్రచురించారు. భారత వైద్య పరిశోధన మండలి చేసిన ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో షుగర్ ఉన్నవాళ్లను 10.1 కోట్లుగా అంచనా వేసింది. అంతకు ముందు ఏడాది అదే అధ్యయనం ఇంకో లెక్క చెప్పింది. షుగర్ ఉందని తెలిసినవాళ్లలో హెచ్‌బీఏ1సీ గురిలో ఉన్నది మూడో వంతుకు కాస్త ఎక్కువ మందికి. చక్కెర, బీపీ, కొలెస్ట్రాల్ మూడూ గురిలో ఉన్నది నూటికి ఎనిమిది మందికి. ఇంట్లో చూసుకునేది ఆరుగురిలో ఒకరు. అందరూ ‘నాది కంట్రోల్లనే ఉంది’ అంటే, ముగ్గురిలో దాదాపు ఇద్దరి మాట నిజం కాదన్నమాట.

నిజం కాకపోతే ఏమవుతుంది? బ్రిటన్‌లో 1977లో మొదలై ఇరవై ఏళ్లు నడిచిన యూకేపీడీఎస్ పరిశోధన దీనికి జవాబిచ్చింది. కొత్తగా షుగర్ బయటపడినవాళ్లలో గట్టి వైద్యం పొందిన జట్టు హెచ్‌బీఏ1సీ 7.0, మామూలు వైద్యం పొందిన జట్టుది 7.9. ఒకటి కూడా లేని ఆ తేడాకే కళ్లు, కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాల జబ్బులు 25 శాతం తగ్గాయి. పరిశోధన ముగిశాక రెండు జట్ల అంకెలూ ఒకటైపోయాయి. అయినా 2008లో మళ్లీ చూస్తే, మొదట్లో అదుపులో ఉన్నవాళ్లకు ఆ మేలు నిలిచే ఉంది, గుండెపోట్లూ తక్కువగా ఉన్నాయి. షుగర్ బయటపడిన మొదటి ఏళ్లు చేజారితే తర్వాత ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ లోటు పూడదు. కంటి వెనక రెటీనా దెబ్బతింటున్నప్పుడు చూపు బాగానే ఉంటుంది. కిడ్నీ చెడడం మొదలైతే మూత్రంలో ఆల్బుమిన్ కనపడుతుంది గానీ మనిషికి ఏమీ తెలియదు. పాదాలకు స్పర్శ పోతే ముల్లు గుచ్చుకున్నా నొప్పి ఉండదు. ‘నాకేం బాధ లేదు’ అనేది ఈ జబ్బులో సాక్ష్యం కాదు. ఏడాదికోసారి కన్ను, మూత్రం, క్రియాటినిన్, పాదాలు చూపించుకోవాలన్నది అందుకే.

‘‘సూది ఎక్కితే మళ్ల దిగదు’’ అనే ఇన్సులిన్ భయానికీ యూకేపీడీఎస్‌లోనే సమాధానం ఉంది. షుగర్ బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ చేసే శక్తి సగానికి పడిపోయి ఉంటుందని, ఏ మందు వాడినా ఏడాదికేడాదికీ ఇంకా తగ్గుతూనే వచ్చిందని తేలింది. సూది అవసరమైంది అందువల్ల, సూది వల్ల కాదు. ఆపరేషన్‌కో, ఇన్ఫెక్షన్‌కో కొన్నాళ్లు సూది వేసుకుని మళ్లీ గోలీలకు వచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మరోపక్క షుగర్‌ను వెనక్కి మళ్లించొచ్చనే ప్రచారం. అందులో కొంత నిజముంది. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ పరిశోధనలో బాగా బరువు తగ్గినవాళ్లు మందులు లేకుండానే అదుపులో ఉన్నారు. బరువు తగ్గించే వైద్యం పొందిన జట్టులో ఇలాంటివాళ్లు ఏడాదికి 46 శాతం, రెండేళ్లకు 36 శాతం మంది. ఆ తగ్గుదల చూడండి. అది తెలిసింది డాక్టర్లు వాళ్లను వదలకుండా కొలుస్తూ ఉన్నందుకే. మన దగ్గర కషాయం తాగి, నూనె డైట్ చేసి, గోలీలు అవతల పారేసి, మళ్లీ పరీక్షే చేయించుకోనివాళ్లను దానితో పోల్చడం మోసం.

వెంటపడి రాసుకుంటూ పోవడం వల్ల ఏమవుతుందో ఈ మేడ్చల్‌కు తెలియనిది కాదు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో గుండె వైద్యుడైన డాక్టర్ పి.ఎస్. రెడ్డి చొరవతో ఘన్‌పూర్‌లో మెడిసిటీ, దాని తోడుగా షేర్ ఇండియా సంస్థ వచ్చాయి. 1990లలో రీచ్ అనే పథకం కింద ఆ సంస్థ మేడ్చల్ మండలంలోని ఊళ్లను, ఇళ్లను నమోదు చేసుకుని, ఏ గర్భిణికి ఏ పరీక్ష బాకీ ఉంది, ఏ పిల్లకు ఏ టీకా బాకీ ఉంది అని ఆరోగ్య కార్యకర్తల చేత వెంటాడించింది. 2009 నుంచి లైఫ్ అధ్యయనం కింద గర్భం రాకముందే ఆడవాళ్లను నమోదు చేసుకుని, పుట్టిన పిల్లలదాకా గమనిస్తూ వచ్చింది. షుగర్‌కు కావలసింది ఈ పద్ధతే. మన దేశంలో, పాకిస్తాన్‌లో 1,146 మంది షుగర్ పేషెంట్లతో చేసిన కార్స్ పరిశోధన 2016లో వచ్చింది. డాక్టర్‌కు తోడుగా ఒక కోఆర్డినేటర్‌ను పెట్టి, ఫోన్ చేసి అడిగిస్తూ, కంప్యూటర్ చేత మందుల సలహా ఇప్పించారు. చక్కెర గురితో పాటు బీపీ, కొలెస్ట్రాల్ గురుల్లో కనీసం ఒకటైనా అందుకున్నవాళ్లు 8 శాతం ఉండేచోట 18 శాతం అయ్యారు. కొత్త మందు కనిపెట్టి సాధించింది కాదు, అడిగి రాసుకుని సాధించింది. ప్రపంచానికి టీకాలు పంపే జీనోమ్ వ్యాలీ పక్కన ఉండి, షుగర్ పేషెంట్‌ను రెండు నెలల కిందటి ఒక్క అంకెతో తూచడం మనకు సిగ్గుచేటు.

ప్రభుత్వం చేయవలసింది ఉంది. ముప్ఫై దాటినవాళ్లను ఆశా, ఏఎన్ఎం ఇంటింటికీ వెళ్లి పరీక్షిస్తున్నారు, పల్లె దవాఖానాల్లో, బస్తీ దవాఖానాల్లో గోలీలు ఇస్తున్నారు. మంచిదే. కానీ గోలీ ఇచ్చి పంపడంతో పని అయిపోలేదు. ఇన్సులిన్ మీద ఉన్న ప్రతి పేదవాడికీ స్ట్రిప్పులు ఉచితంగా అందాలి, ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ తప్పకుండా చేయాలి, ఆ అంకె ఏఎన్ఎం రిజిస్టర్‌లోకి ఎక్కాలి. మెషీన్ కొనుక్కోగలిగినవాళ్లకు ఖర్చు సాకు కాదు. స్ట్రిప్ ఒకటి ఇరవై రూపాయలనుకున్నా, మూడు రోజులకు పదిహేను స్ట్రిప్పులు మూడు వందలు, అదీ మూడు నెలలకోసారి.

ఈ వారమే మూడు రోజులు చూసుకోండి. పొద్దున పరగడుపున, మధ్యాహ్నం తినే ముందు, తిన్న రెండు గంటలకు, రాత్రి తినే ముందు, మళ్లీ రెండు గంటలకు. ఏం తిన్నారో, ఎంత తిన్నారో, గోలీ ఎన్నింటికి వేసుకున్నారో పక్కనే రాయండి. ఆ మూడు రోజులు మాత్రం పుల్కాల నాటకం ఆడకండి. ఆ కాగితం డాక్టర్ బల్ల మీద పెట్టి, ‘‘ఇందులో ఏ పూట మార్చాలి సార్, దేన్ని మార్చాలి?’’ అని అడగండి. కాగితం చూడకుండానే పాత మందు మళ్లీ రాసేస్తే, డాక్టర్‌ను మార్చండి.